వెయ్యికి ఇరవై నాలుగు కొసరు

చౌడేశ్వరితో తూకం దగ్గర తగువు పెట్టుకుని గెలిచిన మగాడు ఎర్రగుంట్లలో ఇంకా పుట్టలేదు. సిమెంటు ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద ఆమెకు చిల్లర అంగడి ఉంది. కిలో కందిబేడలు అడిగితే కిలో తూచి, పైన పిడికెడు కొసరు వేస్తే గాని పొట్లం కట్టదు. బయట తాను ఏం కొన్నా ఆ పిడికెడు కోసం చెయ్యి చాపి నిలబడుతుంది. కొసరు వెయ్యని అంగడి మెట్టు మళ్లీ ఎక్కదు. అటువంటి మనిషికి సెల్ షాపు అతను అరవై నాలుగు జీబీ అని రాసి ఉన్న పెన్‌డ్రైవ్ అమ్మాడు. అమ్మి ఊరుకున్నాడా, పని చేస్తుందో లేదో చూపిస్తానని తన కంప్యూటరుకే తగిలించాడు. తెర మీద యాభై తొమ్మిది అని పడింది.

"ఏమప్పా, ఇదేం తూకం? అరవై నాలుగని దుడ్లు తీసుకుంటివి, యాభై తొమ్మిది ఇస్తాండావు. మిగతా అయిదు నువ్వు తింటివా?"

"నేనేడ తింటి అక్కా! సీలు నీ ముందరే చించితి గదా. ఏ కంపెనీది కొన్నా ఇంతే."

"అందరూ దొంగలైతే నువ్వు దొరవైపోతావా?"

షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతను పాపం మంచివాడు, ఓపిగ్గా కౌంటరు మీద వేలితో గీస్తూ చెప్పాడు. "కంపెనీవాడు వెయ్యి లెక్కన కడతాడక్కా. వెయ్యి బైట్లు ఒక కేబీ, వెయ్యి కేబీలు ఒక ఎంబీ, వెయ్యి ఎంబీలు ఒక జీబీ. కంప్యూటరు మాత్రం వెయ్యిన్ని ఇరవై నాలుగు ఉంటే గాని ఒకటని ఒప్పుకోదు. అందుకని కేబీ కాడ కొంచెం తరుగు, ఎంబీ కాడ ఇంకొంచెం, జీబీ కాడ ఇంకొంచెం. మెట్టు ఎక్కేకొద్దీ తరుగు మీద తరుగు."

తరుగు అనే మాటకు చౌడేశ్వరి తగువు మరిచిపోయింది. మార్కెట్ యార్డులో చెనిక్కాయల మూటకు దుమ్మని, తేమని కోసే తరుగు ఆమెకు తెలుసు. వాళ్ల నాయన దాన్ని తిట్టుకుంటూనే పోయాడు.

"జీబీ పైన మెట్టు టీబీనే గదా?" అని అడిగింది.

"ఔనక్కా."

"ఒక టీబీ అని రాసి ఉంటే, మిషన్‌లో పెట్టినాక ఎంత ఉంటాది?"

"తొమ్మిది వందల ముప్పై ఒకటి జీబీ. కెమెరాల డిస్కులు అమ్ముతాంటాం గదా, నోటికొచ్చు."

చౌడేశ్వరి పెన్‌డ్రైవ్‌ను గుప్పిట్లో పట్టుకుని నిలబడిపోయింది. ఆమె లెక్కలో అది వెయ్యిన్ని ఇరవై నాలుగు.

ఆ లెక్క ఆమెకు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలంటే మూడు వారాల వెనక్కి పోవాలి. చౌడేశ్వరి మొగుడు ఓబులేష్‌ది నేతగాళ్ల ఇల్లు. మగ్గం మూలబడ్డాక స్టీరింగ్ పట్టాడు. ఆనాడు కర్నూలు పక్కన కల్లూరులో సిమెంటు దించి, రాత్రంతా బండి నడిపి, ప్రొద్దుటూరు దారిన తెల్లారేసరికి ఊరి దగ్గరికి వచ్చాడు. నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్ ముందర ఒక పిల్లోడు నెత్తురోడుతూ పడి ఉన్నాడు. పక్కన మోటారు సైకిలు. ఓబులేష్ లారీ ఆపి, ఆ పిల్లోణ్ణి భుజాన వేసుకుని, క్యాబిన్‌లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు. పోయింది పుణ్యానికి, చుట్టుకుంది పాపం. భూపేష్ అనే ఆ పిల్లోడు ఆసుపత్రిలో కళ్లు తెరవకుండానే పోయాడు. క్యాబిన్ నిండా నెత్తురు, బంపరుకు ఎప్పటిదో సొట్ట. గుద్దినవాడే భయపడి ఆసుపత్రికి తెచ్చాడని భూపేష్ నాయన తిమ్మయ్య కేసు పెట్టాడు. లారీ స్టేషన్‌లో, లైసెన్సు పోలీసుల చేతిలో, ఓబులేష్ బెయిలు మీద ఇంట్లో.

ఇంట్లో ఉన్నాడని పేరే. బెయిలు మీద వచ్చిన రోజు చౌడేశ్వరి ఒక్క మాట అడిగింది. "నిజం చెప్పు, నీకు కన్ను మూత పడిందా?" అతను ఆమె వైపు ఒకసారి చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంతే, ఆనాటి నుంచి పెళ్లాంతో మాట లేదు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆమెకు ఆ క్షణమే తెలిసింది. తెలిసి ఏం లాభం, ఆమెకు జవాబు ఇంకా కావాలి. రాత్రంతా నిద్ర లేని మనిషి. కన్ను మూత పడలేదని ఆమె ప్రమాణం చెయ్యగలదా? చెయ్యలేదు. అదే ఆమెను లోపల తొలుస్తోంది.

జవాబు ఉన్నది ఒక్క చోట. ఆ పాలిష్ యూనిట్ గేటుకు రోడ్డు కనిపించేటట్టు కెమెరా ఉంది. యూనిట్ దేవేంద్రప్పది. రాయి రావడం లేదని పని ఆపేసి, కూతురి పెండ్లికని ఇంటిల్లిపాదీ సొంతూరు రాయచోటికి పోయాడు. పోలీసులు ఒకసారి వచ్చి, తాళం చూసి, ఆయన వచ్చినాక చూద్దామని మళ్లిపోయారు. చౌడేశ్వరి ఆయనకు ఫోన్ చేసింది. ఆదివారం పెండ్లి, సోమవారం పొద్దున్నే వచ్చి తీసిస్తానన్నాడు. పందిరి వేసిన ఇంట్లో చావు మాట, స్టేషన్ మాట పదేపదే ఎత్తకూడదు. అందుకని ఆమె తొందర పెట్టలేదు. పెట్టకపోవడానికి రెండో కారణం, ఆమె దగ్గర లెక్క ఉంది.

ఆ కెమెరాలు బిగించిన ఏసేపు ఆమెకు వివరం చెప్పాడు. "మిషన్‌లో ఒక టీబీ డిస్కు ఉండాదక్కా. నాలుగు కెమెరాలూ కలిసి దినానికి నలభై జీబీ తింటాయి. నిండినాక అన్నిటికన్నా పాతది చెరిపి దాని మీద కొత్తది రాస్తాది. నువ్వే భాగించుకో." టీబీకి ఎన్ని జీబీలో తన కూతురి బడి పుస్తకంలో చూసుకుంది. వెయ్యిన్ని ఇరవై నాలుగు. వెయ్యికి ఇరవై నాలుగు కొసరు! ఈ కంప్యూటర్లు కనిపెట్టినాయన ఎవరో మన వైపు అంగడి మనిషే అయ్యుంటాడని అంత కష్టంలోనూ నవ్వుకుంది. భాగిస్తే ఇరవై అయిదు రోజులన్నర వచ్చింది. సోమవారం పొద్దున్నకు ఇరవై అయిదు నిండుతాయి, ఇంకా పూట మిగులు. "నిదానంగా పెండ్లి చెయ్యన్నా, నాకు సోమవారం దాకా గడువుండాది" అని దేవేంద్రప్పకు తానే ధైర్యం చెప్పింది. సోమవారం దాంట్లోకి ఎక్కించుకోవడానికే ఈ శనివారం పెన్‌డ్రైవ్ కొనడానికి వచ్చింది.

ఇప్పుడు అదే కౌంటరు మీద, పనికిరాని రసీదు వెనక, తొమ్మిది వందల ముప్పై ఒకటిని నలభైతో భాగించింది. ఇరవై మూడు రోజులు, పైన పావు రోజు. ఆ ఇరవై మూడు ఇవాళ తెల్లారేసరికే నిండాయి. తెల్లారుతూ జరిగినదానికి పావు రోజు కలిపితే, మధ్యాహ్నానికల్లా అది చెరిగిపోతుంది. గోడ మీద గడియారం పది దాటింది.

కొసరు మీద బతికిన మనిషిని కొసరే ముంచింది. ఇస్తారనుకున్నచోట కోశారు. మెట్లు దిగుతూనే ఏసేపుకు ఫోన్ కలిపింది.

"ఏసేపూ, నువ్వు చెప్పిన నలభై మిషను లెక్కనా, కంపెనీ లెక్కనా?"

"మిషన్ తెర మీద చూసి చెప్పినా అక్కా. ఏం... అయ్యయ్యో. నువ్వు డిస్కును వెయ్యి పైన వేసుకుంటివా? నన్నొక మాట అడగొద్దా!"

"తిట్టుకునేది తర్వాత తిట్టుకుందాం. కరెంటు తీస్తే ఆగుతాదా?"

"ఆగదు. లోపల ఇన్వర్టర్ ఉండాది. కెమెరాలు దాని మీదనే నడుస్తాయి, నేనే కలిపినా. రేపటి దాకా లాగుతాది."

"షట్టరు తాళం పగలగొడితే?"

"మొగుని కేసుకు పెండ్లాం కేసు తోడు. పైగా ఇనుప షట్టరు, నీ వల్ల యాడవుతాది?"

చౌడేశ్వరి రోడ్డు పక్కన నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. సిమెంటు లారీలు వరసగా పోతున్నాయి. "అప్పుడెప్పుడో ఒక మాటంటివి. కదిలేది ఏమీ లేకుంటే తక్కువ తింటాదని."

"ఔ. బొమ్మ మారకుంటే రాసుకునేది శానా తక్కువ."

"చూసేదే లేకుంటే?"

ఏసేపు గొంతు పెరిగింది. "కండ్లు మూసెయ్ అక్కా! నాలుగూ మూసెయ్. ఏ ఒక్కటి తెరిచి ఉన్నా అది తింటానే ఉంటాది, కంచం అన్నిటికీ ఒకటే. నేను ప్రొద్దుటూరు నుంచి బయల్దేరతాండా. నువ్వు ఆయన్ను తాళంచెవి అడుగు."

రాయచోటికి ఫోన్ చేస్తే సన్నాయి మేళం వినబడింది. దేవేంద్రప్ప చేతికి కంకణం కట్టేశారు, ఊరి పొలిమేర దాటకూడదు. చౌడేశ్వరి ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నమిలింది. చివరికి ఏడ్చేసింది. "శుభమా అని పెండ్లి జరుగుతాంటే నోరు తెరిచి అడుగుతాండా అన్నా, నన్ను తిట్టుకోవద్దు." ఆయన మేళాన్ని కాసేపు ఆపమని కేక వేసి, అంతా విన్నాడు. "తిట్టేదేముందమ్మా. మా బామ్మర్దికి తాళంచెవి ఇచ్చి ఇప్పుడే కారులో పంపుతాండా. మూడు గంటలు పడతాది. అంతవరకు నీ పాట్లు నువ్వు పడు."

అంగడికి పోయి ఖాళీ గోనెసంచులు, పురికొస తీసుకుని షేర్ ఆటో ఎక్కింది. ఆటోలో మనుషులు కిక్కిరిసి ఉన్నారు గాని ఆమెకు లాయరు మాట ఒక్కటే చెవిలో మోగుతోంది. పోయిన వారం ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "చూడమ్మా, ఆ వీడియో లేకపోతే కేసు మాట మీద మాట. నాలుగేండ్లు లాగి కొట్టేయిస్తా. వీడియో ఉండి, దాంట్లో మీ ఆయన గుద్దినట్టు ఉందనుకో, ఇక నేను చేసేది ఏమీ లేదు. ఆలోచించుకో." ఆలోచించుకుంటే ఒక్కటే దారి. ఆటో దిగి ఇంటికి పోవడం, మధ్యాహ్నం కానివ్వడం. ఎవరూ ఏమీ అనరు. కానీ ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి ఉన్నాడు. జవాబు లేకుండా ఆ వీపును నాలుగేండ్లు చూడాలంటే ఆమెకు భయం వేసింది. యూనిట్ దగ్గర ఆటో ఆపించి దిగింది.

గేటుకు రెండు స్తంభాలు. ఒకదాని మీది కెమెరా రోడ్డును చూస్తుంది, రెండోది గేటును. రాళ్ల మీద రాళ్లు పెట్టుకుని ఎక్కి, రెండిటికీ గోనెలు తొడిగి పురికొసతో బిగించింది. ఇంకో రెండు లోపల షెడ్డు చూరుకు ఉన్నాయి. నాపరాళ్లు నిలబెట్టి కట్టిన ప్రహరీ ఎక్కి లోపలికి దూకింది. మోకాలు చీరుకుంది. షెడ్డు పక్కన పేర్చిన రాళ్ల దొంతర ఎండకు పెనంలా కాలుతోంది. కొంగు మడిచి కింద వేసుకుని పైకి పాకింది. మూడోది అయింది. నాలుగోదానికి చెయ్యి చాపుతుండగా గేటు దగ్గర అరుపు వినబడింది.

"ఏమే, లారీవాని పెండ్లామా! యాడ దూరినావు? దాని కండ్లకు గంతలు కడతాండావా?"

తిమ్మయ్య. రోడ్డు అవతల తుమ్మచెట్టు కింద రోజూ వచ్చి కూర్చుంటాడని ఆమె విన్నది గాని, ఇవాళ హడావుడిలో అటు చూడలేదు. కొడుకు పడిన చోటును చూస్తూ పొద్దంతా కూర్చుంటాడట. ఆయన చేతికర్రతో ఒక గోనెను లాగి పడేశాడు. రెండోదాన్ని కూడా లాగాడు. తర్వాత గేటు పట్టుకుని, కెమెరా వైపు మొహమెత్తి, నరాలు తేలేలా అరిచాడు.

"చూడు! బాగా చూడు! దీని మొగం రాసుకో! నా బిడ్డను చంపి, సాక్ష్యాన్ని కూడా చంపను వచ్చినారు, రాసుకో!"

ఒక ట్రాక్టరు ఆగింది. ఇద్దరు మోటారు సైకిళ్ల వాళ్లు ఆగారు. ఒకడు ఫోన్ తీశాడు, ఇంకొకడు దాని చేతులు విరగ్గొట్టాలన్నాడు. చౌడేశ్వరి దొంతర మీద నుంచి దిగుతూ, "కప్పెయ్యి పెద్దాయనా, నీకు దండం పెడతా, ముందు కప్పెయ్యి" అంటూనే ఉంది. ఎవరికి వినబడుతుంది? ఆయన అరిచేకొద్దీ కెమెరా ఆయన్ను రాసుకుంటోంది. రాసుకున్నకొద్దీ ఆయన కొడుకు చెరిగిపోతున్నాడు. ఆ సంగతి ఆ రోడ్డు మీద ఆమె ఒక్కదానికే తెలుసు.

ఆమె కాళ్లు ఒక్కసారి ఆగిపోయాయి.

నోరు మూసుకుంటే చాలు. ఆమె చెయ్యవలసింది ఏమీ లేదు. వెనక గోడ దూకి చేనుకు అడ్డం పడి పోతే, ఇక్కడ ఈ ముసలాయనే తన చేత్తో అంతా తుడిపేస్తాడు. రేపు ఎవరడిగినా గోనెలు పీకింది ఎవరంటే పది మంది ఆయన్నే చూపిస్తారు. లాయరు మెచ్చుకుంటాడు. ఓబులేష్ బతికిపోతాడు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. పుట్టినా అది వెంటనే పోలేదు. ఎండలో అట్లాగే నిలబడి ఆయన గొంతు నరాలను చూసింది. అప్పుడు ఆయన కుడి చేతికి ఉన్న వాచీ కనిపించింది. పిల్లకాయలు పెట్టుకునే రకం, నల్లది, పెద్దది. అద్దం పగిలి ఉంది. ఆయనది కాదు.

చౌడేశ్వరి పరుగెత్తి గేటు కమ్మీలు పట్టుకుంది.

"పెద్దాయనా, నీ ఇంట్లో గాదె ఉండాదా?"

ఆయన తిట్టబోయి ఆగాడు. ఆ సమయంలో ఎవరూ అడగని ప్రశ్న అది.

"మా నాయనా చెనిక్కాయల రైతే. పైన కొత్తవి పోస్తాంటే, కింద తూము తెరిచి ఉంటే ఏమవుతాది? పాతవి కారిపోతాయా లేదా? లోపల మిషను అట్లాంటి గాదె. నిండిపోయింది. ఇప్పుడు నువ్వు అరిచేదంతా పైన పడతాంది. నీ కొడుకు పడిపోయిన పొద్దు అడుగున ఉండాది. అది కారిపోతాంది, పెద్దాయనా. ఈ పూటకు ఐపోతాది. పైన పోసేది ఆపాలనే గోనెలు కప్పినా."

"నన్ను నమ్మమంటావా?"

"నమ్మొద్దు. రాయచోటి నుంచి తాళంచెవి వస్తాంది. అంతవరకు కప్పి, నువ్వే ఈడ కాపలా కూచో. నేను లోపలే ఉంటా, యాడికీ పోను. నేను దొంగదాన్నయితే అప్పుడు ఈళ్లందరితో కొట్టించు."

"దాంట్లో నీ మొగుడే గుద్దినట్టుంటే?"

మూడు వారాలుగా తన గుండెలో ఉన్న ప్రశ్నను పరాయి మనిషి నోటి నుంచి వినడం అదే మొదలు. చౌడేశ్వరి కమ్మీలను ఇంకా గట్టిగా పట్టుకుంది. "నాకూ తెలీదు" అంది. "మా ఇంటాయన గుద్దలేదని స్టేషన్‌లో చెప్పినాడంట. నేను చూడలే. గుద్దింటే నేనే చెయ్యి పట్టుకుని స్టేషన్‌కు తీసకపోతా. కానీ తెలియాల. నీకూ తెలియాల, నాకూ తెలియాల."

ట్రాక్టరు మీదివాడు ఏదో అనబోతే తిమ్మయ్య చెయ్యెత్తి ఆపాడు. చాలాసేపు ఆమె మొహం చూశాడు. తర్వాత వంగి, దుమ్ములో పడిన గోనె తీసుకుని దులిపాడు. రాయి ఎక్కి రోడ్డు కెమెరాకు తానే కప్పాడు. రెండోదానికీ కప్పాడు. గోనె చిరుగులోంచి వెలుతురు పోతుందేమోనని భుజం మీది తువ్వాలు తీసి పైన చుట్టాడు. చౌడేశ్వరి వెనక్కి పరుగెత్తి నాలుగో కన్ను మూసింది.

ఆగినవాళ్లు ఒక్కొక్కరే కదిలిపోయారు. గేటుకు అవతల ఆయన, ఇవతల ఈమె, మండుటెండలో ఎవరి నీడన వాళ్లు కూర్చున్నారు. ఒకసారి ఆయన కమ్మీల సందులోంచి నీళ్ల సీసా తోశాడు. ఆమె తాగి వెనక్కి తోసింది. గోనెలు ఆయన పీకింది మొదలు మళ్లీ కప్పేదాకా ఎంతసేపు పట్టిందో ఆమె మనసులో లెక్క వేసుకుంటూనే ఉంది.

ఏసేపు ముందు వచ్చాడు, స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని. తర్వాత కారు వచ్చింది. పెండ్లి బట్టల్లోనే వచ్చిన బామ్మర్ది గేటు తీసి, షట్టరు ఎత్తాడు. ఆఫీసు గదిలో రాతిపొడి, మూలన మిణుకుమిణుకుమంటున్న మిషను. ఏసేపు ముందు రికార్డింగ్ ఆపి, ఆ తర్వాత అన్నిటికన్నా పాతది ఎక్కడ మొదలవుతుందో వెతికాడు.

తెర మీద తెల్లవారుజాము రోడ్డు వచ్చింది. తేదీ ఆనాటిదే. భూపేష్ అప్పటికే పడి ఉన్నాడు. పక్కన వాలిపోయిన మోటారు సైకిలు వెనక చక్రం ఇంకా తిరుగుతోంది.

రోడ్డు మీద ఇంకేమీ లేదు. చక్రం నెమ్మదించి ఆగింది. ఒక మోటారు సైకిలు వచ్చి, పక్కకు తిప్పుకుని, పోయింది. పిల్లోడి చెయ్యి కొంచెం లేచి పడింది. చాలాసేపటికి దూరం నుంచి రెండు లైట్లు వచ్చాయి. లారీ. దూరంగానే వేగం తగ్గించి, పడి ఉన్నవాడికి బారెడు అవతల ఆగింది. ఓబులేష్ దూకాడు. అటూ ఇటూ చూసి ఎవరినో కేకేశాడు, ఎవరూ లేరు. తలకున్న తువ్వాలు విప్పి పిల్లోడి తలకు కట్టి, ఎత్తి భుజాన వేసుకున్నాడు. వేలాడిపోతున్న చెయ్యి ఒకటి ఓబులేష్ చొక్కా పట్టుకుంది.

చౌడేశ్వరి గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆగలేదు. నిద్ర పట్టిందా అని అడిగింది తాను, ఆ మనిషిని!

"దీనికి ముందరిది పెట్టు నాయనా" అన్నాడు తిమ్మయ్య.

ఏసేపు తల అడ్డంగా ఊపాడు. "ఈడ నుంచే ఉండాది, పెద్దాయనా."

"ఒక్క నిమిషం ముందరిది. ఆ చక్రం తిరగనీకి ముందుది."

"చెరిగిపోయింది."

"ఎప్పుడు?"

ఏసేపు తెర మీద ఇవాళ్టి రికార్డింగ్ చూశాడు. నల్లగా ఉన్న గీత మధ్యలో అరగంట సేపు వెలుతురు. ఆ వెలుతురులో కెమెరాకేసి మొహమెత్తి అరుస్తున్న ముసలాయన. ఏసేపు నోరు తెరిచాడు. "గోనెలు నడుమ ఎవరన్నా..."

"నా లెక్క తప్పింది, పెద్దాయనా" అని చౌడేశ్వరి అడ్డం వచ్చింది. "టీబీకి వెయ్యిన్ని ఇరవై నాలుగు అనుకుంటి. ఉన్నది తొమ్మిది వందల చిల్లర. నిన్ననే వచ్చింటే అంతా దొరికేది. తప్పు నాదే."

అది అబద్ధం కూడా కాదు. తిమ్మయ్య ఆమెను చూశాడు, ఏసేపును చూశాడు, గోనెల దుమ్ము పట్టిన తన చేతులను చూసుకున్నాడు. ఆయనకు అర్థమైందో లేదో ఆమెకు తెలియలేదు. గుద్దినవాడెవడో ఇక ఈ జన్మకు తెలియదని మాత్రం ఆయన మొహంలో కనబడింది. కుర్చీలో కూలబడి, పగిలిన వాచీని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు. కాసేపటికి అడిగాడు.

"అమ్మా, దోవలో వాడేమన్నా మాట్లాడినాడంటనా?"

ఇన్నాళ్లలో మొగుణ్ణి చౌడేశ్వరి అడిగింది ఒక్కటే ప్రశ్న. ఇది అడగలేదు. పోలీసులు అడగలేదు, లాయరు అడగలేదు. ఓబులేష్ నంబరు నొక్కింది. అతను ఎత్తాడు గాని మాట్లాడలేదు.

"చూసినాం" అంది ఆమె. "అంతా చూసినాం. నువ్వు వచ్చేతలికే ఆ పిల్లోడు పడిపోయి ఉండాడు. నన్ను తర్వాత తిట్టు. ఆ పిల్లోని నాయన ఈడనే ఉండాడు. దోవలో ఏమన్నా అన్యాడా అని అడుగుతాండాడు."

ఫోన్ పెట్టేశాడేమో అనుకుంది.

"అన్యాడు" అన్నాడు ఓబులేష్. మూడు వారాల తర్వాత విన్న గొంతు, తుప్పు పట్టినట్టుంది. "శానా అన్యాడు. ఆయప్పకే చెప్తా. ఫోన్ ఇయ్యి."

ఆమె ఫోన్ అందించింది. తిమ్మయ్య రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు. ఏసేపు మిషను శబ్దం కూడా వినపడకుండా స్విచ్చి తీసేశాడు. ముసలాయన కళ్లు మూసుకుని, తల వంచుకుని, ఉండుండి "ఊ" కొడుతూ వింటున్నాడు.